ఇంటి నేలపై మల్లసాధన



షోలాపూర్ తూర్పు పేటల తెలుగు ఇళ్ళలో ఒక ప్రశ్న తరచు వినిపిస్తుంది. కొడుకు కుస్తీ నేర్చుకుంటానంటాడు. కూతురు బాక్సింగ్ అంటుంది, లేదా బడిలో చూసిన జూడో, తైక్వాండో అంటుంది. తాలీం దూరం, జిమ్ము రుసుము భారం. ఇంట్లో చేద్దామంటే ముందు గదిలో సాంచాలు, వెనుక గదిలో సంసారం. అటువంటి ఇంట్లో పోరాటవిద్యకు కావలసిన దేహాన్ని తయారు చేసుకోవడం సాధ్యమేనా, సాధ్యమైతే ఎంతవరకు అన్నదే ఈ ప్రసంగ విషయం.

సాధ్యమే. ఇది ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదు, ఈ దేశపు మల్లవిద్య చరిత్రే అందుకు సాక్ష్యం. ఇనుప బరువులూ యంత్రాలూ రాకముందే గోదాలో దిగే మనిషి తన దేహభారాన్నే బరువుగా వాడుకున్నాడు. తెలంగాణ పల్లెల నుండి వలస వచ్చిన తాతల నోట అవి దండీలు, బస్కీలు. ఈ ఊరి మరాఠీ తాలీములలో అవే జోర్, బైఠక్. పేర్లు రెండైనా పని ఒక్కటే, దానికి కావలసిన చోటూ ఒక్కటే. మనిషి పడుకుంటే పట్టేంత పొడవు, చేతులు చాపితే పట్టేంత వెడల్పు ఉంటే చాలు. రాత్రి చాప పరచుకునే చోటు ఉన్న ఇంట్లో వ్యాయామానికీ చోటున్నట్టే.

ఇక్కడ కోడి రామమూర్తి నాయుడు పేరు తలవకుండా ముందుకు పోవడం తగదు. శ్రీకాకుళం సీమలోని వీరఘట్టంలో పుట్టి, సర్కసు ప్రదర్శనలతో దేశమంతటా పేరు మోసి, 1942లో ఒడిశాలోని బలాంగీర్‌లో కన్నుమూసిన మహాబలుడాయన. విశాఖ సముద్రతీరంలో ఆయన విగ్రహం ఉంది. ఇనుప గొలుసులు తెంపడం, గుండెల మీద ఏనుగును నిలుపుకోవడం అందరికీ గుర్తే. ఆయన విజయనగరంలో బడిపిల్లలకు వ్యాయామం నేర్పిన ఉపాధ్యాయుడన్న సంగతిని మాత్రం చాలామంది మరిచిపోయారు. అసలు గుర్తుంచుకోవలసినది అదే. గొలుసు తెంపడం ప్రదర్శన, దాని వెనుక ఉన్నది ప్రతిదినం వరుస తప్పని కసరత్తు.

ముందుగా దండీ గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. పుషప్పు తెలిసినవారు దండీని కూడా అదే అనుకొని చేస్తారు. పుషప్పులో దేహం బల్లలా నిలిచి కిందికీ పైకీ కదులుతుంది. దండీలో అది అలలా సాగుతుంది. అరచేతులు భుజాల వెడల్పులో, పాదాలు కొంచెం ఎడంగా నేలకు ఆనించి, నడుము పైకెత్తి నిలవాలి. అక్కడి నుండి తల, రొమ్ము నేలను రాసుకుంటున్నట్టుగా ముందుకు జారి, రొమ్మెత్తి పాములా పైకి లేవాలి. తిరిగి నడుమును వెనుకకు నెడుతూ మొదటి స్థితికి రావాలి. భుజాలు, రొమ్ము, వెన్ను, తొడల వెనుకభాగం అన్నీ ఒకే కదలికలో పనిచేస్తాయి. కుస్తీలో కింద పడినవాడు లేచే తీరు చాలావరకు ఇదే కనుక దీనికి అంత ప్రాముఖ్యం. ఊపిరి బిగబట్టరాదు. వెనుకకు నెట్టేటప్పుడు విడిచిపెట్టడం అలవాటు చేసుకుంటే లయ దానంతట అదే కుదురుతుంది. మణికట్టు నొప్పి ఉన్నవారు రెండు చెక్కదిమ్మెలను పట్టుకొని చేయవచ్చు. బొత్తిగా బలం లేనివారు చేతులను మెట్టు మీదనో అరుగు మీదనో ఉంచితే భారం తగ్గుతుంది, అందులో చిన్నతనమేమీ లేదు.

బస్కీలో కిందికి దిగేటప్పుడు మడమలు లేచి, భారం ముంగాళ్ళ మీదికి వస్తుంది. చేతులు వెనుక నుండి ముందుకు ఊగుతాయి. మడమలు నేలకానించి చేసే జిమ్ము బస్కీకీ దీనికీ తేడా అదే. కాళ్ళకు వేగమూ నిలకడా ఇస్తుంది గాని, మోకాళ్ళ మీద ఒత్తిడి ఎక్కువ. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు వెనుక ఒక ఎత్తుపీట వేసుకొని, మడమలు లేవకుండా, పీటను తాకి లేస్తే సరిపోతుంది. గుంజీళ్ళు తీయడం ఎరుగని తెలుగు బిడ్డ ఉండడు. వినాయకచవితి నాడు చెవులు పట్టుకొని తీసిన ఆ గుంజీళ్ళకు బస్కీ దగ్గరి చుట్టమే.

అసలు ప్రమాదం లెక్కలో ఉంది. గామా పహిల్వాన్ రోజుకు 5000 బైఠకులు, 3000 దండ్లు తీసేవాడని తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ అంకె నిజమో, ప్రశంసలో పెరిగినదో ఎట్లున్నా, చెవిన పడ్డ పదిహేనేళ్ళ పిల్లవాడికి మాత్రం అది పందెమైపోతుంది. మొదటి రోజే స్నేహితులతో పోటీపడి మూడు నాలుగు వందల బస్కీలు తీసి, మరునాడు గడప దాటలేక గోడ పట్టుకొని నడిచే పిల్లలు ప్రతి పేటలోనూ కనిపిస్తారు. పెద్దలు నవ్వి ఊరుకుంటారు. నవ్వదగిన విషయం కాదిది.

అలవాటు లేని కండరాన్ని ఒక్కసారిగా మితిమీరి శ్రమపెడితే కండర కణాలు పగిలి, వాటిలోని మయోగ్లోబిన్ అనే మాంసకృత్తు రక్తంలో కలుస్తుంది. దానిని వడకట్టవలసినవి మూత్రపిండాలు. మోతాదు మించితే అవి దెబ్బతింటాయి, కొందరిలో పనిచేయడం మానేస్తాయి. వైద్యులు దీనిని రాబ్డోమయోలిసిస్ అంటారు. సైన్యంలో కొత్తగా చేరిన యువకులలోనూ, సెలవుల తర్వాత తిరిగి మైదానానికి వచ్చిన ఆటగాళ్ళలోనూ ఇది ఎన్నోసార్లు నమోదైంది. బస్కీలు దీనికి పేరుపడ్డ కారణాలలో ఒకటి, ఎందుకంటే తొడ కండరాలు దేహంలోకెల్లా పెద్దవి. ఎండకాలంలో, నీరు తక్కువ తాగిన రోజున ముప్పు మరింత పెరుగుతుంది.

మామూలు ఒళ్ళునొప్పికీ దీనికీ తేడా తెలుసుకోవడం కష్టం కాదు. మామూలు నొప్పి రెండవ రోజున ఎక్కువై, నాలుగైదు రోజులలో తగ్గిపోతుంది, మూత్రం రంగు మారదు. తొడలు వాచి గట్టిపడి, కాలు మడవలేనంత నొప్పి ఉండి, మూత్రం పాలు కలపని టీ డికాక్షన్ రంగులోకి మారితే అది ఇంటి వైద్యానికి లొంగేది కాదు. పసుపు పాలూ నూనె మర్దనా అంటూ కాలం గడపక, అదే పూట ఆసుపత్రికి తీసుకుపోవాలి. బస్కీలు తీశాడన్న సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి, దాచకూడదు. సమయానికి సెలైన్ ఎక్కించి చూసుకుంటే చాలామంది పూర్తిగా కోలుకుంటారు. ఈ ప్రసంగంలో మిగిలినదంతా మరచినా, తల్లులు ఈ ఒక్క మూత్రం రంగును గుర్తుంచుకుంటే మేలు.

కనుక మొదటి వారం దండీలు పదేసి చొప్పున మూడు విడతలు, బస్కీలు పదిహేనేసి చొప్పున మూడు విడతలు మించరాదు. విడతకూ విడతకూ నడుమ ఊపిరి కుదుటపడేదాకా ఆగాలి. రోజు విడిచి రోజు చేయాలి. తరువాత వారానికి కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవచ్చు. ఇంత తక్కువా అని పిల్లవాడు మూతి ముడిస్తే, ముడవనివ్వండి. ఎప్పుడో జ్వరం వచ్చి పది రోజులు మానేసినవాడు కూడా ఆగిన చోటి నుండి కాక, ఆ లెక్కలో సగం నుండి మొదలుపెట్టాలి.

సంఖ్య మీద మోజు తగ్గించడానికి మంచి ఉపాయం ఒకటుంది. లెక్కించడం మాని గడియారం చూడడం. పోరాట క్రీడలన్నీ నిమిషాల లెక్కనే సాగుతాయి. ఫ్రీస్టైల్ కుస్తీలో మూడేసి నిమిషాల భాగాలు రెండు, నడుమ అర నిమిషం విరామం. ఔత్సాహిక బాక్సింగ్‌లో మూడేసి నిమిషాల రౌండ్లు మూడు, నడుమ ఒక్కొక్క నిమిషం. తైక్వాండోలో రెండేసి నిమిషాలు. కబడ్డీలో కూతకు వెళ్ళినవాడికి 30 సెకన్లు. చెడుగుడు ఆడిన తాతలకు ఆ ఒక్క ఊపిరి విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. పోటీలో దిగేవాడికి కావలసినది ఆ మూడు నిమిషాలలో తగ్గని దమ్మూ, ఆ అర నిమిషంలో తిరిగి కూడదీసుకునే శక్తీ. వెయ్యి బస్కీలు తీయగలవాడు రెండవ నిమిషంలోనే నోరు తెరిచి రొప్పడం గోదాలలో కొత్త దృశ్యమేమీ కాదు. అతడి కాళ్ళు గట్టివే, కాని గుండెకు ఆ వేగం అలవాటు లేదు.

ఇంట్లో మూడు నిమిషాల రౌండును ఇలా కూర్చుకోవచ్చు. మొదటి నిమిషం ఎదుట ప్రత్యర్థి ఉన్నాడనుకొని అడుగులు మారుస్తూ గాలిలో గుద్దులు విసరడం. కుస్తీ పిల్లలైతే వంగి, చేతులు ముందుంచి, పట్టుకు వెళ్ళినట్టూ వెనక్కి తగ్గినట్టూ కదలడం. తరువాతి అర నిమిషం కాళ్ళు వెనక్కి విసిరి బోర్లా వాలి, తటాలున లేచి నిలబడడం, ప్రత్యర్థి కాళ్ళు పట్టబోతే తప్పించుకునే కదలిక అదే. మళ్ళీ ఒక నిమిషం అడుగులు. చివరి అర నిమిషం ఉన్న వేగమంతా. పై అంతస్తులో ఉండేవారు ఆ విసరడాన్ని మెల్లగా, ఒక్కొక్క కాలూ వెనక్కి వేస్తూ చేయాలి. కింది ఇంటివారు రాత్రిపాళీ చేసి నిద్రపోతూ ఉండవచ్చు. మొదట్లో రెండు రౌండ్లు చాలు. వారానికి మూడు రోజులు దీనికి, రెండు రోజులు దండీ బస్కీలకు కేటాయిస్తే, మిగిలిన రెండు రోజులు ఒంటికి విశ్రాంతి.

పురోగతి తెలుసుకోవడానికి ఖరీదైన చేతిగడియారం అక్కరలేదు. రౌండు ముగియగానే మణికట్టు దగ్గర నాడి 15 సెకన్లు లెక్కించి నాలుగుతో హెచ్చవేయాలి. నిమిషం ఆగి మళ్ళీ లెక్కించాలి. ఆ రెండింటి తేడాను గోడ క్యాలెండరులో తేదీ పక్కన రాసుకోవాలి. వారాలు గడిచేకొద్దీ తేడా పెరుగుతూ ఉంటే దమ్ము కూడుతున్నట్టు. ఉన్నట్టుండి తగ్గితే నిద్ర చాలలేదనో, ఒంట్లో నలతగా ఉందనో అర్థం. అటువంటి నాడు రౌండు మానేయడమే తెలివి.

నాలుగు నిమిషాలలో సమస్తం సిద్ధిస్తుందన్న ప్రచారం ఒకటి సెల్‌ఫోన్లలో తిరుగుతోంది. దాని మూలం జపాన్‌కు చెందిన ఇజుమి తబాటా బృందం 1996లో ప్రచురించిన పరిశోధన. 20 సెకన్ల తీవ్రశ్రమ, 10 సెకన్ల విరామం, ఏడెనిమిది సార్లు. అయితే ఆ యువకులు అది చేసింది వ్యాయామ సైకిలు మీద, ఇక తొక్కలేమన్నంత తీవ్రతతో. పైగా వారంలో ఒక రోజు అరగంటసేపు ఒకే వేగంతో తొక్కారు. ప్రచారం చేసేవారు ఆ అరగంటను వదిలేశారు. నిదానపు పునాది లేని వేగం ఎక్కువ కాలం నిలవదు. ఉదయం అరగంట చురుకైన నడకో పరుగో అందుకే.

ఊపిరి మాట వచ్చింది గనుక ఈ ఊరి ఇళ్ళకు ప్రత్యేకమైన హెచ్చరిక ఒకటి చెప్పాలి. సాంచాలు నడిచే గదిలో నూలుదూది గాలిలో తేలుతూ ఉంటుంది. ఏళ్ళ తరబడి దానిని పీల్చిన నేతకార్మికులకు బిస్సినోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుందని వైద్యలోకానికి చిరకాలంగా తెలుసు. వ్యాయామం చేసేటప్పుడు మనిషి కూర్చున్నప్పటికంటే ఎన్నో రెట్లు గాలి పీలుస్తాడు, ముక్కు విడిచి నోటితో పీలుస్తాడు. కనుక సాంచాలు నడుస్తున్నప్పుడు గాని, ఆపిన వెంటనే గాని ఆ గదిలో రౌండ్లు చేయకూడదు. పొడి చీపురుతో ఊడిస్తే అణిగిన దూది మళ్ళీ లేస్తుంది, తడిగుడ్డతో తుడవాలి. డాబా ఉంటే డాబా, లేకుంటే వీధి చివరి గుడి ముంగిలి మేలు. మగ్గం మీద ఏళ్ళు గడిపిన తండ్రి కొడుకుతో కలిసి మొదలుపెట్టదలచితే, ఆయాసం ఉన్నా లేకున్నా, ముందొకసారి వైద్యునికి చూపించుకోవాలి. రక్తపోటు, చక్కెర ఉన్నవారికీ ఇదే మాట.

స్కిప్పింగ్ తాడు చవకైన గురువు. నడిమధ్యన తొక్కి పైకి లాగితే రెండు కొసలూ చంకల దాకా వచ్చే పొడవు సరిపోతుంది. ఎగిరే ఎత్తు అంగుళం చాలు, మోకాళ్ళు కాక చీలమండలు పనిచేయాలి. ఇక్కడి ఇళ్ళలో నేల చాలావరకు షాబాదు బండ. దాని మీద వట్టికాళ్ళతో రోజూ గంతులేస్తే పిక్క ఎముకలు నొప్పిపుడతాయి. కింద దుప్పటి మడిచి వేస్తే అది జారి మొదటికే మోసం. మట్టినేల దొరికితే అక్కడ, లేకుంటే బూట్లతో, రోజుకు కొద్ది నిమిషాలు.

పట్టుబలానికి మాత్రం షోలాపూర్ కంటే అనుకూలమైన ఊరు లేదు. చద్దర్లకూ తువ్వాళ్ళకూ పేరుపడ్డ నగరమిది. షోలాపూర్ చద్దరుకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. దళసరి తువ్వాలును తడిపి రెండు చేతులతో పిండడం, చుక్క రాలని దాకా పిండి చేతులు మార్చి మళ్ళీ పిండడం ముంజేతికి మంచి కసరత్తు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని పాదాలు ఆనించి ఒకే తువ్వాలును లాగడం మరొకటి. జూడోలో ప్రత్యర్థి అంగీని పట్టే పట్టు ఇలాగే ఉంటుంది. బలమైన కడ్డీ మీదుగా తువ్వాలు వేసి రెండు కొసలూ పట్టి వేలాడడం వీటన్నిటికంటే కష్టం. కడ్డీ గోడలో బిగించి ఉండాలి. పంకా కొక్కేనికీ, సాంచా చట్రానికీ, తలుపు పైకమ్మీకీ ఎన్నడూ వేలాడరాదు. అవి ఊడిపడ్డప్పుడు విరిగేది వెన్ను.

మెడ విషయంలో తొందర పనికిరాదు. తల నేలకానించి దేహాన్ని విల్లులా వంచే వంతెన ఆసనం కుస్తీవారికి ప్రాణప్రదమే. కాని నేర్పేవారు పక్కన లేకుండా, అందులోనూ ఎదిగే వయసు పిల్లలు, దానిని ఇంట్లో ప్రయత్నించకూడదు. నుదుటికి అరచేయి అడ్డుపెట్టి తలను ముందుకు నెట్టడం, అలాగే వెనుకకూ పక్కలకూ, ప్రతి దిక్కునా పది సెకన్లు. మెడ కదలదు, కండరం మాత్రం బిగుస్తుంది. ఇంటి వరకు ఇంతే చాలు.

ఇదే కసరత్తు బీడీలు చుట్టే తల్లులకూ పనికివస్తుంది. చాట ఒళ్ళో పెట్టుకొని గంటల తరబడి వంగి కూర్చునే వెన్నూ, మగ్గం మీదికి వంగే వెన్నూ ఒకే తీరున గూనిబారతాయి. భుజాలు ముందుకు మూసుకుపోతాయి. అటువంటి దేహంతో గుద్దులు, దండీలు ఎక్కువ చేస్తే రొమ్ముభాగం ఇంకా బిగుసుకుపోయి భుజం కీలు నొప్పి మొదలవుతుంది. అందుకే ముందుకు నెట్టే కసరత్తుకు సమానంగా వెనుకకు లాగే కసరత్తు ఉండాలి. తువ్వాలు లాగడం అందులో ఒకటి. గోడకు వీపు ఆనించి, మోచేతులు గోడను విడువకుండా చేతులు పైకీ కిందికీ జరపడం మరొకటి. తల్లీ కూతుళ్ళు పక్కపక్కన నిలబడి చేయవచ్చు. ఇంట్లో ఆడపిల్ల సాధనకు అడ్డుచెప్పే నోళ్ళు దీనితో కొంత సద్దుమణుగుతాయన్నది కూడా తీసివేయదగిన లాభం కాదు.

ఆ ఆడపిల్లల కోసం ఒక పేరు చెప్పాలి. బీడీల పనికి పేరుపడ్డ మరో ఊరు నిజామాబాద్. ఆ ఊరి బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలోనూ, 2023లో న్యూఢిల్లీలో 50 కిలోల విభాగంలోనూ ప్రపంచ బాక్సింగ్ విజేత. ఆమెను తొలిగా మైదానానికి నడిపించినది తండ్రి. గూగుల్‌లో ఆమె పతకాలు వెతికే తండ్రులు ఆ తండ్రి చేసిన పనిని కూడా గమనించాలి. కూతురిని ఇంట్లోనే కసరత్తు చేసుకోమని ఊరుకోలేదు, వెంటబెట్టుకొని బయటికి తీసుకుపోయాడు.

ఇంటి సాధనకు హద్దు అక్కడే ఉంది. ఇల్లు దమ్మును ఇవ్వగలదు, పట్టును ఇవ్వగలదు, కాళ్ళకు నిలకడను ఇవ్వగలదు. ఎదుటివాడి బరువును, అతడి మోసాన్ని, పడేటప్పుడు దేహాన్ని కాచుకునే నేర్పును ఇవ్వలేదు. సెల్‌ఫోన్‌లో చూసి షాబాదు బండ మీద తమ్ముణ్ణి ఎత్తిపడేసే ప్రయోగాలు ఎముకల వైద్యునికి తప్ప మరెవరికీ ఉపకరించవు. ఈ నేలకు దగ్గరివాడైన ఖాశాబా జాధవ్ ఉదాహరణ చాలు. కరాడ్ దగ్గరి గోళేశ్వర్‌లో పుట్టి మట్టిగోదాలో ఎదిగిన జాధవ్, 1948లో లండన్ ఒలింపిక్స్‌లో అలవాటు లేని చాప మీద పోరాడి ఆరవ స్థానంతో తిరిగివచ్చాడు. నాలుగేళ్ళ తర్వాత హెల్సింకీలో కాంస్యం గెలిచి స్వతంత్ర భారతానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ పతకం తెచ్చాడు. మట్టికీ చాపకూ ఉన్న తేడాయే అంతటి మల్లుణ్ణి ఇబ్బంది పెట్టిందంటే, గాలితో పోరాడినవాడికీ మనిషితో పోరాడినవాడికీ ఉన్న తేడా ఎంతో ఊహించుకోవచ్చు. వారానికి రెండు రోజులైనా తాలీంలో వస్తాదు కంటి ముందు ఉండాలి. మిగిలిన రోజులు ఇల్లు.

బరువు తగ్గించుకునే విషయం చెప్పకుండా ముగించడం బాధ్యతారాహిత్యం అవుతుంది. పోటీకి ముందు రెండు మూడు రోజులు నీరు మాని, ప్లాస్టిక్ కోటు తొడుక్కొని పరుగెత్తి, చెమటతో కిలోలు దించే అలవాటు పిల్లలలో ఉంది. 1997 చివరలో నెల రోజుల వ్యవధిలో అమెరికాలో ముగ్గురు కళాశాల కుస్తీ విద్యార్థులు ఇటువంటి ప్రయత్నంలోనే మరణించారు. ఆ తరువాతనే అక్కడ నిబంధనలు మారాయి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఫైనల్‌కు చేరిన వినేశ్ ఫోగట్ రాత్రంతా శ్రమించినా 100 గ్రాములు అధికంగా తూగి అనర్హురాలైంది. వైద్యులు, నిపుణులు పక్కనున్న ప్రపంచస్థాయి క్రీడాకారిణి పరిస్థితి అది. వైశాఖంలో 40 డిగ్రీలు దాటే ఈ ఊరిలో, రేకుల ఇంట్లో, ఎవరికీ చెప్పకుండా అదే పని చేసే పిల్లవాడి పరిస్థితి ఏమిటి? ఎదిగే పిల్లలు బరువు తగ్గించి కింది విభాగంలో ఆడడం కంటే, ఉన్న బరువు విభాగంలో ఓడిపోవడం వేయి రెట్లు మేలు. ఎండకాలంలో సాధన సూర్యోదయానికి ముందే ముగియాలి. నీరు దాహం వేసేదాకా ఆగకుండా కొద్దికొద్దిగా తాగాలి. బాగా చెమట పట్టిన రోజున ఉప్పు వేసిన మజ్జిగ మంచిది.

ఆహారానికి ఈ ప్రాంతం లోటు చేయలేదు. జొన్నరొట్టె, వేరుశెనగ పొడి, పప్పు, పెరుగు ఈ ఊరి నిత్యభోజనం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కల ప్రకారం సామాన్య వయోజనుడికి కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. కఠినసాధన చేసేవారికి దాదాపు రెట్టింపు అవసరమవుతుంది. 50 కిలోల పిల్లవాడికి అది రోజుకు 75 నుండి 80 గ్రాములు. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, 100 గ్రాముల వేరుశెనగలో 25 గ్రాములు ఉంటాయి. పప్పు, పెరుగు, రొట్టెలతో కలిపి చూస్తే డబ్బాలలో అమ్మే పొడి లేకుండానే లెక్క సరిపోతుంది. ఆ డబ్బా వెలతో నెలంతా ఇంటిల్లిపాదికీ గుడ్లు వస్తాయి.

చివరగా నిద్ర. రాత్రిపాళీ చేసే యువకులు పని దిగగానే, ఒళ్ళు వేడిగా ఉంది గదా అని రౌండ్లకు దిగుతున్నారు. అలసిన కండరం, మూతలు పడే కన్ను, తడబడే అడుగు ఒకచోట చేరితే చీలమండ మెలిక పడడానికి క్షణం చాలు. వారు ముందు పడుకోవాలి. లేచి, ఏదైనా తేలికగా తిని, గంటన్నర ఆగి, సాయంత్రం పాళీకి రెండు గంటల ముందుగా సాధన ముగించుకోవాలి. పాళీలు మారే వారంలో రౌండ్లు మానివేసి, నడకా మెడ కసరత్తూ తువ్వాలూ వరకే పెట్టుకోవాలి.